రెండో కొమ్ము కప్పు

"కప్పు శుభ్రం. సీసా శుభ్రం. ఇంకేం వెతుకుతారు, ఇన్‌స్పెక్టర్ గారూ?"

డాక్టర్ పెర్దిగేరో పరీక్షల కాగితం జీపు బానెట్ మీద పరిచి, గాలికి ఎగరకుండా మోచెయ్యి ఆనించాడు. ఆయన వైద్యుడు కాదు, ప్రాసిక్యూటర్ తరఫు వకీలు. మా దగ్గర వకీళ్లందరూ డాక్టర్లే. సాల్తా పట్నం నుంచి వచ్చి మూడు రోజులైనా మా కొండల ఎత్తు ఇంకా ఆయనకు అలవాటు కాలేదు. నాలుగు మాటలకోసారి ఆగి ఊపిరి తీసుకుంటున్నాడు. అలాగని మాటలు తగ్గించాడా అంటే, అదీ లేదు.

జీపు వెనక సీట్లో చేతులకు బేడీలతో సిక్స్తో లియెంద్రో కూర్చున్నాడు. అరమాయో వారి ద్రాక్షతోటకు నా చిన్నప్పటి నుంచీ అతనే మేస్త్రీ. మధ్యాహ్నం గాలి లేవకముందే అతన్ని కొండ దింపి జైలుకు చేర్చాలని పెర్దిగేరో పట్టుదల. ఆ జైలు తలుపు ఒకసారి మూసుకుందంటే, ఏ అండా లేని కొండవాడి కేసు మళ్లీ తెరిచే నాథుడుండడు. అది ఆయనకు తెలుసు, నాకు తెలుసు, సిక్స్తోకి అందరికంటే బాగా తెలుసు. అందుకే కాబోలు, తోట వైపు చూడకుండా తన బూట్ల వైపే చూస్తున్నాడు.

"మళ్లీ ఒకసారి చెప్పండి," అన్నాను.

"ఎన్నిసార్లు చెప్పించుకుంటారండీ? ఆగస్టు ఒకటి, మధ్యాహ్నం. మీ భూమి పండగ. రోసెందో అరమాయో వాళ్ల నాన్న కాలం నాటి సీసా అందరి ముందూ తెరిచాడు. మోకాళ్ల మీద కూచుని సగం గుంతలో పోశాడు, సగం తాగాడు. తర్వాత నేరుగా పనిముట్ల కొట్టానికి పోయి ఈ పెద్దమనిషి బుడ్డిలోంచి రెండు గుక్కల సారా తాగాడు. అరగంటలో పడిపోయాడు. ఒంట్లో దొరికింది చీమల మందు. చీమల మందు గది తాళంచెవి ఎవరి మొలకుంది? ఇతని మొలకి. బుడ్డి కడిగేసి ఉంది. పైగా వారం కిందటే నలుగురిలో అన్నాడు, 'ఈ తోటే నిన్ను మింగుతుంది చూడు' అని."

"కొమ్మలు ఇప్పుడే కత్తిరించొద్దు, మంచు పడితే చిగురు మాడిపోతుందని గొడవ. ఆ మాట ప్రతి ఏడూ అంటాడు."

"ఈ ఏడు మింగింది మరి."

చెంప పగలగొట్టాలనిపించింది. రోసెందో నా జ్ఞానతండ్రి. బాప్తిస్మం రోజున నన్ను ఎత్తుకున్నవాడు. మా నాన్న పోయిన మర్నాడు మా ఇంటికొచ్చి, ఏడుస్తున్న మా అమ్మను కదిలించలేక, నన్ను బడికి పంపడానికి తనే జడ వేశాడు. వేయడం రాదు. మూడు పాయలూ కలిసి ముడిపడిపోయాయి. ఆ ముడి విప్పించుకోకుండా వారం తిరిగాను. అలాంటి మనిషిని నిన్ననే మట్టిలో పెట్టి వచ్చాం.

"అసలు మీరీ కేసులో ఉండకూడదు," అన్నాడు పెర్దిగేరో, నా మొహం చూసి. "చుట్టరికం. నేను పై వాళ్లకి రాస్తే సాయంత్రానికల్లా మిమ్మల్ని తీసేస్తారు."

"రాయండి. సాయంత్రం దాకా టైముంది కదా. ఆయన తాగిన కప్పేదీ?"

ప్లాస్టిక్ సంచీలోంచి తీసి చూపించాడు. నల్లటి కొమ్ము కప్పు. అంచు సాదాగా ఉంది.

"రెండోదేదీ?"

"రెండోదేమిటి?"

"ఎద్దుకి కొమ్ములెన్ని, డాక్టర్ గారూ?"

ఆయన కప్పును అటూ ఇటూ తిప్పి చూశాడు. నేనే చెప్పాను. ఈ తోటకు మొదటి చాలు దున్నిన ఎద్దు కొమ్ములవి. ఒకటి ఇంటి పెద్దకొడుకుది, అంచు సాదాగా ఉంటుంది. రెండోది ఇంటి పెద్దావిడది, దానికి వెండి కట్టు ఉంటుంది. తల్లీ కొడుకూ పక్కపక్కనే మోకరిల్లుతారు. పాత సీసా వాళ్లిద్దరికే. మిగతావాళ్లు మట్టి ముంతల్లో ఈ ఏటి వైన్ తాగుతారు.

"అయితే? ముసలావిడ నిక్షేపంలా ఉంది. ఆవిడ కప్పులో విషముంటే ఆవిడ పోవాలి."

"తాగుంటే పోవాలి."

పెర్దిగేరో గడియారం చూసుకున్నాడు. "గంట ఇస్తున్నాను. మీ మీద జాలితో."

నేను జీపెక్కి సిక్స్తో పక్కన కూర్చున్నాను. ఆగస్టంటే మాకు చలికాలమే, చలికి అతని వేళ్లు నీలంగా ఉన్నాయి. బేడీల మీద నా మఫ్లర్ కప్పాను.

"బాబాయ్, పండగనాడు నువ్వెక్కడున్నావ్?"

"తోట గట్టు మీద. అలిగానుగా. దగ్గరికి రాలేదు. తర్వాత ఆయనే కొట్టంలోకొచ్చాడు. 'ముసలోడా, పండగపూట నాతో తాగవా' అన్నాడు. తాగాం. అంతేనమ్మాయ్."

"బుడ్డెందుకు కడిగావ్?"

"రోజూ కడుగుతా. సారా వాసనొస్తే మా ఆవిడ తంతది."

నవ్వబోయి ఆగిపోయాడు. నాకు ఏడుపొచ్చింది.

"కొమ్ము కప్పులు ఎవరు తెచ్చారు?"

"దెల్ఫీనమ్మ. ఎప్పుడూ ఆవిడేగా. తనే తోమి, తనే తుడిచి, పళ్లెంలో పెట్టి తెస్తది."

దెల్ఫీనా రోసెందో చెల్లెలు. నాకు అత్త వరస. పెళ్లి చేసుకోలేదు. నేను నానమ్మా అని పిలిచే తల్లిని చూసుకుంటూ ఈ ఇంట్లోనే ఉండిపోయింది.

"నానమ్మ తాగడం చూశావా?"

"వీపే కనబడింది. ఇద్దరూ వంగున్నారు. తిరిగొచ్చేటప్పుడు పళ్లెంలో ఒక కప్పే ఉంది. సాదాది." అతను ఒక్కసారి నా చెయ్యి పట్టుకున్నాడు. "వద్దమ్మాయ్. నువ్వేం చెయ్యబోతున్నావో తెలుసు. నన్ను తీసుకుపోనీ. ఆ నోరు మాత్రం తెరవకు. మళ్లీ ఆగస్టు దాకా తెరవకూడదు."

"నువ్వు జైల్లో చస్తావ్ బాబాయ్."

"నేను ముసలాణ్ణే. నేల అలిగితే ఇంటినే తినేస్తది."

ఆ భయం నాకు లేదని అబద్ధం చెప్పను. పోలీసు బట్టలేసుకున్నా నేనూ ఈ నేల పిల్లనే. ప్రతి ఆగస్టులో ఆ గుంతలో రెండు చేతులా అన్నం పెట్టినదాన్నే. మేం దాన్ని గుంత అనం, నోరు అంటాం. పచమామ, మా భూమితల్లి, ఏడాదికొక్కసారి ఆకలితో తెరిచే నోరు. తినిపించి మూసిన నోరు మధ్యలో తెరవడమంటే, మింగబోతున్న ముద్దను గొంతులోంచి లాగడమే. ఇక్కడ పుట్టినవాళ్లెవరూ ఆ పని చెయ్యరు. అక్కడ ఏదైనా దాస్తే ఏడాదిపాటు చెక్కు చెదరదు.

పెరటి మధ్యలో ఆ నోటిని మూసిన రాళ్ల కుప్ప పక్కనే చిన్న పీట వేసుకుని, ఊరంతా గౌరవంగా దోన్యా ఎదువీహెస్ అనే నానమ్మ కూర్చుని ఉంది. కొడుకు పోయిన రోజు నుంచీ అక్కడే కూర్చుంటోందట. చీకటి పడితే దెల్ఫీనా అత్త లోపలికి మోసుకుపోతోంది. ఎనభై దాటిన మనిషి. శాలువాలో పిట్టంత అయిపోయింది.

"నానమ్మా, నీ కప్పేదీ?"

"పోయింది."

"ఎక్కడ పోయింది?"

"ముసలిదాన్ని. గుర్తులేదు."

"నిరుడు చనిపోయిన కోడిపుంజుల పేర్లు కూడా వరసపెట్టి చెప్తావు నువ్వు. కప్పు గుర్తులేదా?"

ఆమె నా వైపు చూడలేదు. కాలు జరిపి కుప్పకు అడ్డంగా పెట్టింది. చిన్న కాలు, మేజోడుకు మోకాలి దగ్గర చిరుగు. అది చూశాక నాకు అనుమానం తీరిపోయింది. తీరినందుకు సంతోషం మాత్రం కలగలేదు.

"నానమ్మా, కాలు తియ్యి."

"నేలీదా! నీ చిన్నప్పుడు నీ చేతిలో కోకా ఆకు పెట్టి మొక్కడం నేర్పిందెవరే?"

"నువ్వే. అందుకే ముందు నిన్నడుగుతున్నా. నేను తెరవకపోతే సిక్స్తోని తీసుకుపోతారు. తప్పు చెయ్యనివాడు పోతే నేల ఊరుకుంటుందా?"

ఆమె శాలువా దగ్గరికి లాక్కుంది. తర్వాత కాలు తనే తీసింది.

నేను మోకరిల్లాను. జేబులో ఉన్న మూడు కోకా ఆకులు రాళ్ల మీద పెట్టి, క్షమించమని అడిగాను. ఏ మాటలన్నానో తెలియదు. వెనక నుంచి పెర్దిగేరో గొంతు వినిపించింది.

"ఏమిటిది? భూదేవికి వారెంటు చదివి వినిపిస్తున్నారా?"

"టోపీ తియ్యండి."

"ఏమన్నారు?"

"ఇది మా దేవతండీ. మీ చర్చిలోకి నేను టోపీతో రాను. టోపీ తియ్యండి."

తీశాడు. ఆయన గురించి నేను చెప్పగల మంచిమాట ఇదొక్కటే.

రాళ్లు ఒక్కొక్కటే తీసి వరసగా పెట్టాను. మట్టి గడ్డకట్టి ఉంది. చేతులతోనే తవ్వాను, పార పెట్టడానికి మనసొప్పలేదు. ముందు కోకా ఆకులు వచ్చాయి, తర్వాత ఉడికిన మొక్కజొన్న, ఎముక, సిగరెట్లు. రోసెందో ముట్టించి గుచ్చిన సిగరెట్టు సగం కాలి అలాగే ఉంది. ఆయన పెదాలు తగిలిన చివర చూసి నా చేతులు ఆగిపోయాయి. మళ్లీ తవ్వాను. ఎముక కింద వేలికి వెండి తగిలింది.

కప్పు బోర్లించి ఉంది. తిప్పగానే అడుగున ఎండిన మడ్డి కనిపించింది. వైన్ మడ్డి ఎర్రగా ఉంటుంది. దీని మీద తెల్లటి పొర ఉంది. ముక్కు దగ్గర పెట్టుకోనక్కర్లేకుండానే వాసన కొట్టింది. కుళ్లిన వెల్లుల్లి వాసన. తోటలో చీమల పుట్టల మీద ఆ మందు పోసినప్పుడు ఊరంతా అదే వాసన.

పెర్దిగేరో చెయ్యి ముక్కు మీదకు పోయింది.

"ఇదెందుకిక్కడ పెట్టావు నానమ్మా?"

"ఇచ్చేశా," అంది ఆమె. "వాడు పడిపోగానే, నోరు మూయకముందే, అడుగుకి తోసి నేలకిచ్చేశా. నా బిడ్డని తిరిగిమ్మని."

కళ్లల్లో నీళ్లు లేవు. అవి అయిపోయి ఉంటాయి.

"సగం పోశా. మిగతా సగం తాగాలి. నాకు దిగలేదే. పొద్దుట్నుంచీ కడుపులో తిప్పుతోంది. పెద్దావిడ తన వాటా వదలకూడదు, వదిలితే నేలకి కోపం. వాడు చూశాడు. 'అమ్మా, ఎవరూ చూడ్డం లేదు, ఇటివ్వు' అన్నాడు. నా వాటా వాడు తాగేశాడు. 'చేదుగా ఉందే, నాన్న సరిగ్గా చెయ్యలేదీ వైన్' అని నవ్వాడు కూడా. గంట గడవకముందే నేల వాణ్ణి తీసుకుంది. నన్ను తీసుకోవాల్సింది. నేను మోసం చేశాను, వాడు పోయాడు. నేనే చంపుకున్నా నేలీదా, నా బిడ్డని నేనే చంపుకున్నా!"

ఇన్నాళ్లూ ఆ రాళ్ల పక్కన కూర్చుని ఆమె మోసిన బరువు ఇది. ఒక్క మాటతో ఆ బరువు దించగలను కదా అనుకున్నాను. ఆ తొందరలో రెండో సగం ఆలోచించలేదు.

"నేల తీసుకోలేదు నానమ్మా. నువ్వేం పాపం చెయ్యలేదు. నీ కప్పులో ముందే మందు పెట్టారు. చీమల మందు."

ముందు ఆమె ముఖం విప్పారింది. నిజంగా, ఆ ముడతల్లో ఊరట కనిపించింది. పెదాలు కదిలాయి, నేలకు దండం పెట్టబోయింది. సగంలో చేతులు ఆగాయి. నా కప్పులో, అని తనలో తను అనుకున్నట్టుంది. మెల్లగా తల తిప్పి వంటింటి గుమ్మం వైపు చూసింది. అక్కడెవరూ లేరు. చాలాసేపు అటే చూసింది.

నేను చేసిన పనేమిటో అప్పుడు అర్థమైంది. జీపు దగ్గరికి పరిగెత్తాను.

"బాబాయ్, మందు ఎవరికిచ్చావ్?"

సిక్స్తో కళ్లు మూసుకున్నాడు. "కప్పు దొరికిందా?"

"దొరికింది. ఎవరికిచ్చావో చెప్పు."

"వంటింట్లో చీమలన్నారు. చెంచాడు ఇచ్చా."

"ఎప్పుడు?"

"పోయిన నెల."

జూలైలో, బకెట్లో నీళ్లు గడ్డకట్టే చలిలో, ఇక్కడ చీమ మొహం చూసినవాళ్లు లేరు. అది నాకు తెలుసు. ముప్పై చలికాలాలు ఈ తోటలో గడిపిన సిక్స్తోకి తెలియదా?

"అడగలేదా, చలికాలం చీమలెక్కడివని?"

"ఇంటి ఆడబిడ్డని ఎలా అడగనమ్మాయ్? ఎలకల కోసమేమో, సిగ్గుపడి చీమలంటుందేమో అనుకున్నా. ఆయన పడిపోయాక తెలిసింది. అప్పుడింక చెప్పబుద్ధి కాలేదు."

పీపాల గది తలుపు తీసి ఉంది. దెల్ఫీనా అత్త నిచ్చెన మీద నిలబడి, పీపాల్లో తగ్గిన వైన్ నింపుతోంది. నన్ను చూసి కూజా కింద పెట్టలేదు. ఒక్క చుక్క ఒలకలేదు. అంత నిలకడైన చేతులు.

"అత్తా, ఇక్కడికి రావద్దంటుంది కదా నానమ్మ? ఆడది అడుగు పెడితే వైన్ విరిగిపోతుందని?"

"అమ్మ నిద్రపోయాక వస్తా. ఇన్నేళ్లూ అంతే. ఇప్పుడు వాడు లేడు కదా, పగలే వస్తున్నా."

"అంటే ఈ వైన్..."

"నాదే. ఎక్కడెక్కడి వాళ్లో మెచ్చుకుని పతకాలిచ్చిన ప్రతి సీసా నాదే. రోసెందో ముక్కుకి వెనిగర్‌కీ వైన్‌కీ తేడా తెలీదు." అన్న పేరు చెప్పేటప్పుడు ఆమె గొంతులో ద్వేషం లేదు, ముద్దే ఉంది. "సీసాల మీద వాడి పేరుంటే వాడికే సిగ్గేసేది. 'అమ్మ ఉన్నన్నాళ్లు ఓర్చుకో చెల్లీ, తర్వాత అన్నిటి మీదా నీ పేరే' అనేవాడు. నాకు యాభై రెండొచ్చాయి నేలీదా. అమ్మకి జ్వరం కూడా రాదు."

"వెండి కట్టు కప్పు దొరికింది అత్తా."

కూజాలోంచి ధార ఆగింది. ఆమె నిచ్చెన దిగి, ఆఖరి మెట్టు మీద కూలబడింది.

"వాడెందుకు తాగాడే?" అంది. "అది వాడిది కాదు కదా. వాడెందుకు తాగాడు?"

నేను ఆమె పక్కన కూర్చున్నాను. బేడీలు వెయ్యాలని తెలుసు, చెయ్యి రాలేదు. నా చిన్నప్పుడు రోసెందో వేసిన జడముడిని నొప్పి పుట్టకుండా, తీరిగ్గా విప్పింది ఈమే. ఇద్దరం ఏడ్చాం. తర్వాత నేను లేచి, "పద అత్తా. డాక్టర్ గారికి నువ్వే చెప్పు. సిక్స్తోని దింపిద్దాం," అన్నాను. ఆమె తల ఊపి, నా వెంట వచ్చింది.

పెరట్లోకి వచ్చేసరికి సిక్స్తో జీపు దిగి నిలబడి ఉన్నాడు. చేతులకు బేడీలు లేవు. అతని సీట్లో దోన్యా ఎదువీహెస్ కూర్చుని ఉంది.

"అయిపోయింది," అన్నాడు పెర్దిగేరో. మొదటిసారి ఆయన గొంతు తగ్గింది. "ఆవిడే చెప్పింది. మందు తనే తన కప్పులో కలుపుకుందట. బతికి విసుగొచ్చిందట. తాగబోతే చెయ్యి వణికింది, ఆయన తీసుకుని తాగేశాడు. ఆ నిమిషంలో నోరు పెగల్లేదంది. అందుకే కప్పు దాచింది. సంతకం కూడా పెట్టింది."

"అబద్ధం. మందు ఆవిడకెలా వచ్చింది?"

"వంటింట్లో చీమలని చెప్పి కూతురి చేత తెప్పించుకుందట. సిక్స్తోని అడిగాను, దెల్ఫీనా గారికిచ్చాననే చెప్పాడు. అన్నీ సరిపోయాయి."

అవును, అన్నీ సరిపోయాయి. ఒక్క అతుకు కూడా కనబడకుండా కుట్టింది ముసలిది. నేను జీపు కిటికీలోకి వంగాను.

"నానమ్మా, ఇప్పుడేగా నీ పాపం లేదని చెప్పాను. ఎందుకిలా చేస్తున్నావు?"

ఆమె నా చెంప మీద చెయ్యి వేసింది. నోరు తనే మళ్లీ మూసిందేమో, ఆ అరచేతికి గుంత మట్టి ఉంది.

"ఇద్దరే పిల్లలు నాకు," అంది నాకొక్కదానికే వినబడేట్టు. "ఒకడిని నిన్న పాతిపెట్టాం. రెండోదాన్ని నువ్వు అడక్కు."

"అది నిన్ను చంపబోయింది!"

"నేను దాన్ని ఏనాడు బతకనిచ్చాను గనక?"

నేను వెనక్కి తిరిగాను. "అత్తా, చెప్పు," అన్నాను. నిజం చెప్పగల నోరు ఇంక అదొక్కటే. దెల్ఫీనా అత్త నిలబడిపోయింది. తల్లి కూతురి వైపు చూసి, పెరడంతా వినబడేలా అంది:

"దెల్ఫీనా! పీపాలు నింపడం మధ్యలో ఆపకే, గాలి చేరితే పాడవుతాయి. ఈసారి సీసాల మీద నీ పేరు వేయించు."

అత్త నోరు తెరిచింది. సిక్స్తో తల దించుకున్నాడు.

"చలిగా ఉంది," అంది అత్త. "అమ్మకి దుప్పటి తెస్తా."

లోపలికి వెళ్లి దుప్పటి తెచ్చింది. తల్లి భుజాల చుట్టూ కప్పి, గాలి దూరకుండా మెడ దగ్గర దోపి, జీపు తలుపు మెల్లగా వేసింది.